డిజైనర్ కంప్యూటర్‌లో గీసిచ్చిన కొత్త బొమ్మను పోచంపల్లిలో వారంలో నేసి ఇవ్వలేరా?

ఇవ్వలేరండి. పోచంపల్లి నేత ఇకత్, అంటే దారానికే ముందు రంగులద్ది తర్వాత నేసే పద్ధతి. అందులో బొమ్మ మగ్గం మీద పుట్టదు, అంతకు ముందే దారం మీద పుడుతుంది. గీసినదాన్ని ముందు గళ్ల కాగితం మీదికి దించాలి. తర్వాత పేక దారాన్ని, అంటే అడ్డంగా నేసే దారాన్ని, ఆసు పోయాలి, అంటే మేకుల చుట్టూ అటూ ఇటూ చుట్టాలి. చేత్తో పోస్తే ఒక్క చీరకు దాదాపు 9000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. అమ్మ భుజాల నొప్పి చూడలేకే ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆ పైన, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు పట్టీ బిగించి కట్టి, అద్దకంలో ముంచాలి. ఇంకో రంగు కావాలంటే విప్పి, మళ్లీ కట్టాలి. మీరు గుండ్రటి గీత ఇస్తే అది మెట్లుమెట్లుగా వస్తుంది, అంచులు కాస్త చెదురుతాయి. ఆ చెదురే ఇకత్ ఆనవాలు. ఇకత్ పేరుతో అమ్మే ప్రింటు గుడ్డను తిరగేసి చూడండి, సాధారణంగా వెనకవైపు రంగు వెలవెలబోతుంది.

పుట్టపాక తేలియా రుమాలులాగా పడుగు (నిలువు దారం), పేక రెండూ కట్టి నేసేదైతే రెండు దారాల మీది బొమ్మలూ మగ్గం మీద సరిగ్గా కలవాలి. అది వేరే స్థాయి పని.

ప్రయోగం చేయాలనుంటే పడుగును సాదాగా ఉంచి, పేకతో ఆడుకోండి. కోటు కుట్టించేటట్టయితే వీపు, చేతుల కొలతలు ముందే ఇవ్వండి. బొమ్మను ఆ కొలతకే కడితే కత్తెరకు తెగదు. ఒక్క కోటుకు సరిపడా నమూనా మాత్రం అడగకండి. పడుగు ఎక్కించేదే చాలా గజాలకు, నేతన్న నవ్వి ఊరుకుంటాడు.