చెక్క రైలు పెట్టెకు మళ్లీ ప్రాణం

ప్రశ్న: ఇంగ్లండులోని బ్లూబెల్ రైల్వేలో స్వచ్ఛంద సేవకులే పాత రైలు పెట్టెలను బాగుచేస్తారని విన్నాను. శిథిలమైన చెక్క పెట్టె మళ్లీ పట్టాలెక్కడం సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే. ససెక్స్‌లో 1960లో స్వచ్ఛంద సేవకుల చేతుల మీదుగా తిరిగి మొదలైన ఆ మార్గానికి హోర్‌స్టెడ్ కీన్స్ స్టేషన్‌లో పెట్టెల మరమ్మతు శాల ఉంది. రైళ్ల నుంచి తొలగించాక చక్రాలు ఊడదీసి, ఇళ్లుగానో తోటల్లో కొట్టాలుగానో వాడుకున్న విక్టోరియా కాలపు పెట్టెలు కొన్ని అక్కడికి చేరాయి. వాటికి పైభాగమే మిగులుతుంది గనుక, కింది చట్రాన్ని వేరే బండి నుంచి తెచ్చి, కొలతకు తగ్గట్టు మార్చి అమర్చవలసి వస్తుంది. కుళ్లిన కర్రను వీలైనంతవరకు చెడిన మేరకే కోసి, కొత్త ముక్కను అతుకుతారు. పాత చెక్క దక్కడమే ఈ పనిలో అన్నిటికన్నా విలువైనదని నా నమ్మకం. తీరిక వేళల్లో సాగే శ్రమ కాబట్టి ఒక్కో పెట్టెకు ఏళ్లు పడుతుంది.