రేపటి నుంచి రావద్దన్నారు, కారణం చెప్పలేదు. తీసేసినట్టా, ఆపినట్టా?

తమ్ముడూ, నువ్వు రాసింది ఇదీ: అనంతపురంలో బట్టల షోరూంలో సేల్స్‌మన్‌గా చేరి నాలుగు నెలలు, ఇదే మొదటి ఉద్యోగం. దీపావళి రద్దీ తగ్గాక మేనేజరు "రేపటి నుంచి రావద్దులే, అవసరమైతే మేమే ఫోన్ చేస్తాం" అన్నాడు. కాగితం ఇవ్వలేదు, ఆ నెల జీతం వేయలేదు. షోరూంలో హాజరు, జీతాల లెక్కలు చూసినవాడిగా చెప్తున్నా.

ఎందుకు తీసేశారని తర్వాత అడుగుదువు. ముందు తీసేశారా లేదా అన్నది రాతలో రప్పించు. నోటిమాటతో ఆపేస్తే హాజరు రిజిస్టరులో నీ పేరు అలాగే ఉంటుంది, రోజూ ఆబ్సెంట్ పడుతుంది. కొన్నాళ్లకు "చెప్పకుండా మానేశాడు" అని రాసి ఫైలు మూసేస్తారు. దాన్నే అబ్‌స్కాండింగ్ అంటారు. అప్పుడు తప్పు నీదవుతుంది, జీతం ఆపడానికి వాళ్లకదే సాకు. అందుకే ఈ రోజే మేనేజరుకు వాట్సాప్‌లో, హెచ్ఆర్‌కు మెయిల్‌లో ఈ నాలుగు మాటలు పంపు:

"సార్, ఫలానా తేదీన రేపటి నుంచి రావద్దని చెప్పారు. నేను పనికి రావడానికి సిద్ధంగా ఉన్నాను. నన్ను పనిలోంచి తీసేశారా, కొన్నాళ్లు ఆపారా తెలపండి. తీసేసి ఉంటే నా చివరి పనిదినం తేదీ, నాకు రావాల్సిన జీతం ఎంతో తెలపండి."

ఇందులో "సిద్ధంగా ఉన్నాను" అన్న మాట వదలొద్దు, మానేశాడన్న మాటకు అడ్డుపడేది అదే. కోపం, తిట్లు ఒక్కటీ ఉండకూడదు. రెండు మూడు రోజుల్లో జవాబు రాకపోతే అదే సంగతి తెల్లకాగితం మీద రాసి, ఒక జిరాక్సు ఉంచుకుని, స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకో. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరు నుంచి స్పీడ్ పోస్టులోనే కలిసిపోయింది, కాబట్టి పోస్టాఫీసులో దానికోసం వెతకొద్దు. స్టాఫ్ గ్రూపులోంచి నిన్ను తీసెయ్యకముందే డ్యూటీ చార్టులు, సెలవు మెసేజీలు స్క్రీన్‌షాట్లు తీసుకో.

నీ యజమాని నిజంగా ఎవరో కూడా చూసుకో. పెద్ద షోరూంలలో చాలామంది మ్యాన్‌పవర్ ఏజెన్సీ (షోరూంకు మనుషుల్ని సరఫరా చేసే సంస్థ) పేరు మీద ఉంటారు. బ్యాంకు స్టేట్‌మెంటులో జీతం ఎవరి పేరు నుంచి పడిందో చూస్తే తెలిసిపోతుంది. ఏజెన్సీ అయితే ఉత్తరం వాళ్లకూ వెళ్లాలి. లేకపోతే ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోసుకుంటారు.

ఇక డబ్బు. ఆంధ్రప్రదేశ్ షాపులు, సంస్థల చట్టం 1988 ప్రకారం, సరైన కారణం లేకుండా తీసేస్తే నెల నోటీసు లేదా నెల జీతం ఇవ్వాల్సింది ఆరు నెలలు వరసగా పనిచేసినవాళ్లకే. నీకు నాలుగే కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకు. కానీ చేసిన రోజుల జీతం నీది. తీసేసిన రెండు పనిదినాల్లో అది ఇచ్చెయ్యాలని వేతన చట్టం. లెక్క నువ్వే వేసుకో: జీతం 13,000 అయి, 18 రోజులు చేశావనుకో. వారపు సెలవులు పోను నెలకు 26 పనిదినాలని 26తో భాగించి, 18 రోజులకు లెక్కేస్తే 9,000. 30తో భాగించి వారపు సెలవులు లెక్కలోంచి ఎగరగొడితే 7,800. ఎక్కువసార్లు తేడా వచ్చేది ఇక్కడే. 30తో భాగిస్తే సెలవు రోజులనూ కలపాలని గట్టిగా అడుగు. ఇన్సెంటివ్ ఉంటే అదీ కలుపు.

స్టాకు తగ్గింది, క్యాష్ తేడా వచ్చింది అని కోత పెడితే, నీ నిర్లక్ష్యం వల్లే ఆ నష్టం జరిగిందని వాళ్లు చూపాలి, ముందుగా నీ వివరణ అడగాలి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. "ఇష్టపూర్వకంగా రాజీనామా చేస్తున్నాను" అన్న కాగితం మీద కూడా, డబ్బు చేతికొచ్చేదాకా, నువ్వు నిజంగా ఒప్పుకునేదాకా పెట్టొద్దు. యూనిఫాం, ఐడీ కార్డు ఇచ్చేటప్పుడు అందినట్టు రాయించుకో. పదో తరగతి ఒరిజినల్ మార్కుల మెమో వాళ్ల దగ్గరుంటే అదే రోజు వెనక్కి అడుగు.

ఇవేవీ పనిచేయకపోతే సహాయ కార్మిక అధికారి దగ్గరికి వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వు. ఒక పేజీ చాలు: చేరిన తేదీ, జీతం, ఆపిన తేదీ, రావాల్సిన మొత్తం. వెనక బ్యాంకు స్టేట్‌మెంటు, నీ ఉత్తరం, పోస్టు రసీదు జతచెయ్యి. అక్కడ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టొచ్చు. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చెయ్యి.

పీఎఫ్ కట్ అయి ఉంటే ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి, కోసిన డబ్బు జమైందో లేదో చూడు. నువ్వు ఉద్యోగం నుంచి వైదొలగిన తేదీ వేశారో లేదో కూడా చూసుకో. తర్వాతి ఉద్యోగంలో కొత్తవాళ్లు యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని నీ పీఎఫ్ నంబరు) అడిగితే ఈ షోరూం పేరు ఎలాగూ బయటపడుతుంది, దాచొద్దు. "సీజన్ అయ్యాక స్టాఫ్ తగ్గించారు" అన్నది నిజమైతే అంతే చెప్పు. కారణం చెప్పకపోతే చెప్పలేదనే చెప్పి, నువ్వు పంపిన ఉత్తరం కాపీ చూపించు.