సమాధానం: శాండ్ పేపర్ అక్షరాలు ముట్టుకోగానే చెయ్యి లాగేసుకుంటున్న బాబు

గరుకు కాగితం (శాండ్ పేపర్) నుంచి కోసిన అక్షరాల మీద వేలు జరిపి రాత నేర్పుతుంటే, మీ బాబు ముట్టుకోగానే చెయ్యి లాగేసుకుంటున్నాడని అడిగారు. కాగితం మరీ గరుకుగా ఉండటమే అసలు కారణం. 60 నంబరు కాగితంతో అక్షరాలు కోశానని రాశారు కదండీ, అది చెక్క అరగదీయడానికి వాడేది. నాలుగేళ్ల పిల్లాడి వేలికి గీరుకుంటుంది. మొండితనం కాదు.

1. హార్డ్‌వేర్ షాపులో 120 లేదా 150 అడగండి. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. ముందు మీ ముంజేతి లోపలివైపు రుద్ది చూసుకోండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: మొదలుపెట్టే ముందు వేళ్లు గోరువెచ్చని నీళ్లతో కడిగించి, మెత్తటి తువ్వాలుతో పూర్తిగా తుడవాలి. పిల్లలు చేత్తో తాకుతూ నేర్చుకునే మాంటిస్సోరి పద్ధతిలోనే ఉంది. (ఆ పద్ధతి రూపొందించిన మరియా మాంటిస్సోరి 1939లో మన చెన్నై అడయారుకే వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు లెండి.) కడిగితే వేలికొసలకు స్పర్శ బాగా తెలుస్తుంది. పైగా చెన్నై ఉక్కలో చెమట వేళ్లు కాగితానికి అతుక్కుంటాయి. మా పాప కూడా మొదట గట్టిగా నొక్కి రుద్దేది. కడిగాక ఈకతో తాకినట్టు తాకి, "అమ్మా, చీమ పాకినట్టుంది" అంది.

3. చూపుడు వేలు, మధ్య వేలు కలిపి, రాసే దిశలోనే జరపాలి. ముందు మీరు మాట్లాడకుండా చేసి చూపించండి. "అ" అని శబ్దం చివర్లో చెప్పండి.

4. ప, వ లాంటి చూడ్డానికి దగ్గరగా ఉండే అక్షరాలు ఒకేరోజు వద్దు.

రెండో అక్షరం దగ్గర లేచిపోతే వెళ్లనివ్వండి. అక్షరాలు మాత్రం అందే ఎత్తులోనే ఉంచండి.