డాలస్ చుట్టుపక్కల స్టేట్ పార్కులు: నెల చూసుకుని బయల్దేరండి

మీ ప్రశ్న చదివాను. ఈ మధ్యే టెక్సాస్‌లో డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోకి మారారు, జూన్‌లో వచ్చిన అమ్మానాన్నలు నవంబర్ చివరి దాకా ఉంటారు, పదేళ్ళలోపు పిల్లలు ఇద్దరు. గుడి, మాల్, స్నేహితుల ఇళ్ళు అన్నీ అయిపోయాయి, పొద్దున కారెక్కి రాత్రికి ఇల్లు చేరేలా ప్రకృతి కనిపించే చోటు ఏదైనా ఉందా అని అడిగారు. ఇక్కడ చూడ్డానికేముంది, అంతా బల్లపరుపు నేల అని కొత్తలో మాకూ చాలామంది చెప్పారు. ఆ మాట నమ్మకండి. డాలస్ నుంచి మూడు గంటల లోపు మంచి స్టేట్ పార్కులు, అంటే రాష్ట్ర ప్రభుత్వం నడిపేవి, చాలా ఉన్నాయి. కాకపోతే ప్రతి పార్కుకీ దాని కాలం దానికి ఉంది. ఆ కాలం చూసుకుని వెళ్తే పెద్దవాళ్ళూ పిల్లలూ ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. తప్పిన కాలంలో వెళ్తే ఎండా, దోమలూ తప్ప ఏమీ గుర్తుండవు.

ఇప్పుడు ఆగస్టు చివర కాబట్టి మొదట డైనోసార్ వ్యాలీకి వెళ్ళండి. గ్లెన్ రోజ్ అనే చిన్న ఊరి దగ్గర, మీకు రెండు గంటల పైచిలుకు ప్రయాణం. అక్కడ పలక్సీ నది అడుగున సున్నపురాతి మీద డైనోసార్ల అడుగుజాడలు ఉన్నాయి, అవి నడిచిన చోటే, నడిచిన వరసలోనే. దాదాపు 11.3 కోట్ల ఏళ్ళ కిందట అదంతా సముద్రపు ఒడ్డు. సున్నం కలిసిన మెత్తటి బురదలో అవి నడిచాయి. ఆ బురద గట్టిపడి రాయయింది, దాని మీద పొరలు పేరుకున్నాయి. చాలా కాలం తర్వాత నది ఆ పైపొరల్ని కోసుకుంటూ పోయి జాడల్ని మళ్ళీ బయటపెట్టింది. మూడు వేళ్ళతో కనిపించేవి మాంసం తినే అక్రోకాంథోసారస్‌వి. పెద్ద పెద్ద గుంటల్లా ఉండేవి, పొడవాటి మెడ ఉన్న శాకాహారి సౌరోపోసైడన్‌వి. మా చిన్నవాడు అలాంటి ఒక గుంటలో చతికిలబడి కూర్చుంటే చుట్టూ ఇంకా చోటు మిగిలింది. మూడు వేళ్ళ జాడలో కొద్దిగా నీళ్ళు నిలిచి ఉంటే, ఆ నీళ్ళలో చెయ్యి పెట్టి వేళ్ళ చివర్లు ఎక్కడ ఆగాయో తడిమి చూశాడు. పుస్తకంలో బొమ్మలు ఎన్ని చూపించినా ఆ అనుభవం రాదు.

ఆగస్టు, సెప్టెంబర్ ఎందుకంటే నదిలో నీళ్ళు తగ్గేది అప్పుడే. గట్టి వాన పడితే నీళ్ళతోపాటు ఒండ్రు వచ్చి జాడలన్నీ కప్పేస్తుంది, వెళ్ళినా ఏమీ కనబడదు. 2022 కరువులో నది చాలామటుకు ఎండిపోయి, మామూలుగా నీటికింద ఉండే జాడలు కూడా బయటపడి ప్రపంచమంతా వార్తల్లోకెక్కాయి. అందుకని బయల్దేరే ముందు పార్కుకి ఫోన్ చేసి "ట్రాక్స్ కనిపిస్తున్నాయా?" అని ఒక్క మాట అడగండి. ఎక్కడెక్కడ దిగాలో చూపించే మ్యాప్ లోపల ఇస్తారు. నదిలో రాళ్ళు పాచిపట్టి జారతాయి. వెనక పట్టీ ఉన్న చెప్పులు అందరికీ తప్పనిసరి. మోకాళ్ళ నొప్పులుంటే అమ్మగారిని నదిలోకి దింపకండి, గట్టున చెట్ల నీడలో ఒక మడత కుర్చీ వేస్తే హాయిగా కూర్చుంటారు. ఎనిమిది, ఎనిమిదిన్నరకల్లా అక్కడ ఉండాలి, పదకొండు దాటాక ఆ రాయి మీద నిలబడలేం.

మీ అమ్మానాన్నలకి న్యూయార్క్ ప్లాన్ ఉంటే ఇంకో సంగతి. 1938లో రోలాండ్ బర్డ్ అనే శిలాజ అన్వేషకుడు ఈ నదిలోనే ఆ పొడవాటి మెడ డైనోసార్ నడిచిన వరసని గుర్తించాడు. అందులో కొంత భాగాన్ని రాతితో సహా కోసి న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీకి తరలించారు. ఇక్కడ నది చూసి అక్కడ ఆ రాయి చూస్తే పిల్లలకి రెండూ ఒకటే కథ అని అర్థమవుతుంది.

అక్టోబర్‌లో ఎండ తగ్గాక సీడర్ హిల్ స్టేట్ పార్క్. ట్రాఫిక్ లేకపోతే మీకు గంట లోపే. జో పూల్ సరస్సు ఒడ్డున ఉంటుంది, అందరూ నీళ్ళ కోసమే వెళ్తారు. నేను మాత్రం మిమ్మల్ని అక్కడి గడ్డి చూడమంటాను. డాలస్ ఉన్న ఈ ప్రాంతమంతా ఒకప్పుడు మనిషెత్తు గడ్డి మైదానం, బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు. నాగళ్ళు వచ్చాక పత్తి చేలయింది, తర్వాత మన ఇళ్ళూ రోడ్లూ అయింది. దున్నని ముక్కలు చాలా కొద్దిగానే మిగిలాయి, వాటిలో కొన్ని ఈ పార్కులో ఉన్నాయి. అక్టోబర్‌లో ఆ గడ్డి రాగి రంగుకి తిరిగి గాలికి ఊగుతుంటే చూడాలి.

మా మామగారు గుంటూరు జిల్లా రైతు. ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళినప్పుడు సరస్సు వైపు చూడను కూడా చూడలేదు. దారి పక్కన నెర్రెలిచ్చిన చోట వంగి, ఒక బెడ్డ తీసి నలిపి, "ఇది మన రేగడే కదమ్మా! వానొస్తే ఇక్కడ కాలు పెట్టగలరా?" అన్నారు. నిజంగానే వాన పడితే ఆ పార్కులో సైకిల్ బాటలు మూసేస్తారు, ఆరేదాకా ఎవరినీ పోనివ్వరు. తడిస్తే ఉబ్బి ఎండితే పగిలే నల్లమట్టే రెండు చోట్లా, రెండు చోట్లా పత్తి పండించినదీ అదే. వేసవిలో ఇంటి ఫౌండేషన్ చుట్టూ పైపులు పెట్టి నీళ్ళు తడపమని మీ ఇంటి ఏజెంటు చెప్పే ఉంటాడు, దానికి కారణం కూడా ఈ మట్టే. పార్కులోనే పెన్ ఫార్మ్ అని పాతకాలపు వ్యవసాయ క్షేత్రం ఉంది. కొట్టాలు, పనిముట్లు అలాగే ఉంచారు. మామగారు అక్కడి నుంచి ఒక పట్టాన కదల్లేదు. మీ నాన్నగారికి పొలంతో ఏ కాస్త సంబంధం ఉన్నా తప్పకుండా చూపించండి.

వాళ్ళు వెళ్ళే ముందు నవంబర్ మధ్యలో కాడో లేక్. ఇది మూడు గంటల దూరం, లూసియానా సరిహద్దులో ఉంటుంది, ఒక్కరోజులో వెళ్ళిరావచ్చు గానీ తెల్లవారుజామునే బయల్దేరాలి. సరస్సు నీళ్ళలోంచే సైప్రస్ చెట్లు లేచి ఉంటాయి, మొదళ్ళు గంటల్లా ఉబ్బి, కొమ్మల నుంచి బూడిదరంగు నాచు జడల్లా వేలాడుతూ. స్పానిష్ మాస్ అని పిలుస్తారు గానీ అది నిజానికి నాచు కాదు, అనాస కుటుంబపు మొక్క. చెట్టు రసం పీల్చదు, గాలిలో తేమతోనే బతుకుతుంది. నవంబర్‌లో సైప్రస్ ఆకులు ఇటుక రంగుకి తిరుగుతాయి, నీళ్ళలో నీడ కూడా అదే రంగు. పడవ ఎక్కలేని పెద్దవాళ్ళకి సా మిల్ పాండ్ దగ్గర ఒడ్డునే ఇదంతా కనిపిస్తుంది. ఎక్కగలిగినవాళ్ళకి కనూలు అద్దెకి దొరుకుతాయి. మొసళ్ళ జాతి ఎలిగేటర్లు ఉన్న నీళ్ళు కాబట్టి పిల్లల్ని అంచున ఆడనివ్వకండి. నేను టెక్సాస్‌లో చూసినవాటిలో ఇంత అందమైన చోటు ఇంకోటి లేదు.

టైలర్ స్టేట్ పార్క్ కూడా బాగుంటుంది, పైన్ చెట్లు, మధ్యలో చిన్న సరస్సు. వసంతంలో పూలు పూసినప్పుడు మీరూ పిల్లలూ వెళ్ళండి.

ఇక పాస్‌ల సంగతి. 12 ఏళ్ళ దాకా పిల్లలకి ప్రవేశ రుసుము లేదు. వార్షిక పాస్ తీసుకుంటే అదే కారులో వచ్చిన అందరికీ వర్తిస్తుంది, అమ్మానాన్నలతో తిరిగేవాళ్ళకి అది నయం. అయితే పాస్ ఉన్నా శనాదివారాలకి డే పాస్, అంటే ఆ రోజు ప్రవేశానికి చోటు, ముందే రిజర్వ్ చేసుకోవాలి, నిండితే గేటు దగ్గర వెనక్కి పంపేస్తారు. ఇంత రద్దీకి కారణం ఉంది. టెక్సాస్‌లో నూటికి తొంభై ఎకరాల పైనే ప్రైవేటు భూమి, జనం కాలు పెట్టగలిగే అడవి బహుతక్కువ. డాలస్‌కి దక్షిణాన ఫెయిర్‌ఫీల్డ్ లేక్ అని ఒక స్టేట్ పార్క్ ఉండేది. ఆ నేల విద్యుత్ కంపెనీది, రాష్ట్రం లీజుకి తీసుకుంది. భూమి అమ్ముడుపోవడంతో 2023లో పార్కు మూసేశారు. అది నాకు ఇప్పటికీ బాధే. అదే ఏడాది నవంబర్‌లో కొత్త పార్కులకి భూమి కొనడానికి వంద కోట్ల డాలర్ల నిధికి ఓటర్లు ఒప్పుకున్నారు. ఆ డబ్బుతో వచ్చే పార్కులు మన పిల్లలు పెద్దయ్యేసరికి తయారుగా ఉండాలని నా కోరిక.

తిండికి పులిహోర, దద్దోజనం, కూలర్ నిండా నీళ్ళు. గడ్డి మీద దుప్పటి పరిచి కూర్చోకండి, ఫైర్ యాంట్స్ అనే చీమలు కుడితే పిల్లలకి పొక్కులు లేస్తాయి. పిక్నిక్ బల్లలు వాడుకోండి. బాటల్లో నడిచి వచ్చాక కాళ్ళూ, చెవుల వెనకా పిడుదు పురుగులు పట్టాయేమో చూడండి. పార్కుల్లో ఆరుబయట మద్యం తాగడం నిషేధం, మీతో వచ్చే స్నేహితులకి ముందే చెప్పండి.

డే పాస్‌లు నెల ముందు తెరుచుకుంటాయి. అంటే కాడో కోసం అక్టోబర్ మధ్యలోనే చూసుకోవాలి, నవంబర్ శనివారాలు త్వరగా అయిపోతాయి. వీలైతే ఆ వారంలో ఒక శుక్రవారం సెలవు పెట్టుకోండి, జనం తక్కువుంటారు, అమ్మానాన్నలు నిదానంగా నడవచ్చు.