ఊరి రోడ్డు ఒక వరస, కట్టేవి 900 ఫ్లాట్లు: మేం ఆపగలమా?

ప్రశ్న: మా ఊరి మొదట్లో 40 ఎకరాలు ఒక రియల్ ఎస్టేట్ సంస్థ కొన్నది. అందులో 900 ఫ్లాట్లు కడతారట. మెయిన్ రోడ్డు నుంచి అక్కడికి మా ఊరి తారు రోడ్డు ఒక్కటే దారి. రెండు ట్రాక్టర్లు ఎదురైతే ఒకటి పొలంలోకి దిగాల్సిందే. స్కూలు పిల్లలు ఆ రోడ్డు మీదే నడిచి వెళ్తారు. ఇప్పటికే మట్టి టిప్పర్లు తిరుగుతున్నాయి. గ్రామసభ తీర్మానం చేస్తే ఆగుతుందా? రోడ్డుకు అడ్డంగా కూర్చుందామని కుర్రాళ్లు అంటున్నారు. కోర్టుకు వెళ్తే మా మాట వింటారా?

జవాబు: వింటారు. కానీ ‘ట్రాఫిక్ పెరిగిపోతుంది’ అన్న ఒక్క మాట పట్టుకుని వెళ్తే కేసు నిలవదు. సొంత భూమిలో కట్టుకునే హక్కు యజమానికి ఉంది, ఇళ్లు వస్తే బండ్లు పెరగవా అని అవతలి లాయరు రెండు నిమిషాల్లో తేల్చేస్తారు. ఆ రోడ్డును చూపించి అంత కట్టడానికి నిబంధన ఒప్పుకోదని మీరు రుజువు చేయాలి. మీ భయం నిజమైనదే, దాన్ని కొలతల్లోకి తేవాలి.

‘వాళ్ల భూమి, వాళ్ల అనుమతి, మధ్యలో మీరెవరు?’ అని ముందుగా అడుగుతారు. దీనికి 1974లోనే సుప్రీంకోర్టు జవాబు చెప్పింది. ఉడుపిలో నివాస ప్రాంతంలో సినిమా హాలుకు మున్సిపాలిటీ ఇచ్చిన అనుమతిని అక్కడ నివసించే ఒకాయన సవాలు చేశారు. పట్టణ ప్రణాళిక పథకానికి విరుద్ధంగా ఇచ్చిన అనుమతిని ప్రశ్నించే హక్కు అక్కడ నివసించేవాళ్లకు ఉందని కె. రామదాస్ షెణై కేసులో కోర్టు తేల్చింది. ఇప్పటికీ ఇలాంటి కేసుల్లో మేం ముందు పెట్టేది ఆ తీర్పే.

ఇక అసలు పని. ఎంత ఎత్తు భవనానికి ఎంత వెడల్పు రోడ్డు ఉండాలో బిల్డింగ్ రూల్స్‌లో పట్టిక ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168లో అది ఉంది. తర్వాత రెండు రాష్ట్రాలూ తమ మార్పులు చేసుకున్నాయి కాబట్టి, అనుమతి ఇచ్చిన రోజున అమల్లో ఉన్న పట్టికే చూడాలి. మంజూరైన ప్లాన్‌లో మీ రోడ్డు వెడల్పు ఎంత అని రాశారో చూడండి. నా అనుభవంలో గుట్టంతా ఇక్కడే ఉంటుంది. మాస్టర్ ప్లాన్‌లో ఎప్పుడో వేయబోయే రోడ్డును ఇప్పుడున్న రోడ్డుగా చూపిస్తారు, లేదా పక్కన కాలవను, రైతుల గట్టును కూడా కలిపి కొలుస్తారు. ప్రాజెక్టు రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, నమోదై ఉంటే ప్లాన్, అనుమతులు రెరా వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. లేకపోతే సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అలాంటి అర్జీతోనే రోడ్డు ఎవరిదో, రికార్డులో దాని వెడల్పు ఎంతో పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగాన్ని అడగండి. గ్రామ నక్షా నకలు కూడా తీసుకోండి. ఈ కాగితాలకూ ప్లాన్‌కూ తేడా వస్తే మీ కేసు సగం తయారైనట్టే.

మిగతా సగం లెక్క. పల్లె రోడ్లు ఎంత రద్దీ మోయగలవో రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో 64వ నంబరు మార్గదర్శకాల్లో చెప్పింది. 3.75 మీటర్ల ఒక వరస రోడ్డుకు రోజుకు 2,000 కారు యూనిట్లు, 5.5 మీటర్ల రోడ్డుకు 6,000. ఇందులో కారు ఒక యూనిట్, బైకు అర, లారీ 3, ట్రాలీ ఉన్న ట్రాక్టరు 4.5, ఎడ్లబండి 8. ఇప్పుడు మీ 900 ఫ్లాట్లు చూడండి. ఇంటికో కారు, ఓ బైకు రోజుకు ఒక్కసారి వెళ్లి వచ్చినా 2,700 యూనిట్లు. మీ ఊరి బండ్లు ఒక్కటీ కలపకుండానే ఒక వరస రోడ్డు పరిమితి దాటిపోయింది. అదే రోడ్డు 5.5 మీటర్లు ఉంటే ఈ వాదన అంత బలంగా ఉండదు. అందుకే ముందు టేపు పట్టుకుని తారు వెడల్పు కొలవండి. మామూలు రోజున, కోతల రోజుల్లో వచ్చే పోయే బండ్లను లెక్కపెట్టి, ఫొటోలతో రాసి పెట్టుకోండి. సంస్థ ఇచ్చిన ట్రాఫిక్ నివేదికలో ట్రాక్టర్లను దేని కింద కలిపారో కూడా చూడండి.

పర్యావరణ అనుమతి విషయంలో చాలా ఊళ్లు మోసపోతాయి. బిల్ట్ అప్ ఏరియా 20,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 2.15 లక్షల చదరపు అడుగులు దాటితే కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి తప్పనిసరి. 900 ఫ్లాట్లంటే అది ఎప్పుడో దాటేస్తుంది. అయితే ఈ రకం నిర్మాణాలకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది. ఫ్యాక్టరీకి టెంటు వేసి మైకు పెట్టినట్టు ఇక్కడ ఎవరూ పెట్టరు. సభ పెడతారని ఎదురుచూస్తూ కూర్చుంటే అనుమతి వచ్చేస్తుంది. పర్యావరణ అనుమతుల దరఖాస్తులు ఉండే కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో సంస్థ దరఖాస్తు ఏ దశలో ఉందో చూసుకుంటూ, అది పరిశీలనలో ఉండగానే ఆ అనుమతి ఇచ్చే రాష్ట్ర స్థాయి సంస్థకు రాతపూర్వక అభ్యంతరం పంపండి. అనుమతి వచ్చేశాక జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు గడువు 30 రోజులే. సరైన కారణం చూపితే మరో 60. అది దాటితే ఒక్క రోజు ఆలస్యమైనా ట్రిబ్యునల్ చేతులు కట్టేసి ఉంటాయి. మనకు చెన్నై బెంచ్. భవన అనుమతిని సవాలు చేయాలంటే మాత్రం రాజ్యాంగం 226 అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయాలి. రెండింటినీ ఒకే పిటిషన్‌లో కలిపేయకండి.

గ్రామసభ తీర్మానం ఒక్కటే దీన్ని ఆపలేదు. ఇంత పెద్ద ప్రాజెక్టులకు అనుమతి డీటీసీపీ (పట్టణ, గ్రామీణ ప్రణాళిక విభాగం) లేదా పట్టణాభివృద్ధి సంస్థల చేతిలో ఉంటుంది. అయినా తీర్మానం చేయండి, సాక్ష్యంగా పనికొస్తుంది. ‘ప్రజలు వ్యతిరేకిస్తున్నారు’ అని రాసి సంతకాలు పెట్టించొద్దు. రోడ్డు వెడల్పు, బండ్ల లెక్క, స్కూలు వేళలు, మలుపులు, జరిగిన ప్రమాదాలు రాయించండి.

టిప్పర్ల సంగతికి కోర్టు దాకా అక్కర్లేదు. రోడ్డు స్వభావాన్ని బట్టి, ప్రజల భద్రత కోసం భారీ వాహనాలను నియంత్రించే అధికారం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 115 ఇస్తుంది. స్కూలు వేళల్లో టిప్పర్లు తిరగకుండా ఆదేశం కోరుతూ కలెక్టరుకు, రవాణా శాఖకు, పోలీసులకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

రోడ్డు మీద కూర్చోవడం గురించి కుర్రాళ్లకు గట్టిగా చెప్పండి. అవతలివాళ్లు కోరుకునేది అదే. దారి అడ్డగించారని భారతీయ న్యాయ సంహిత 126, 285 సెక్షన్ల కింద కేసులు పెడతారు. ఆపైన సివిల్ కోర్టుకు వెళ్లి ఇంజంక్షన్ తెచ్చుకుంటారు. ఉద్యోగాలకు, పాస్‌పోర్టులకు తిరిగే పిల్లలకు ఆ టెన్షన్ ఎందుకు? ధర్నా చేయాలనుంటే అనుమతి తీసుకుని తహసీల్దారు ఆఫీసు ముందు చేయండి.

ఇంకోటి, ఇది ఊళ్లో ముందే మాట్లాడుకోండి. ‘రోడ్డు చాలదు’ అని మీరు గెలిస్తే, సరే వెడల్పు చేద్దాం అని ప్రభుత్వం అనొచ్చు. అప్పుడు పోయేది రోడ్డు పక్క రైతుల భూమే. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం ఇవ్వకుండా తీసుకోలేరు, నిజమే. కానీ ఇవ్వడానికి ఆ రైతులు సిద్ధంగా ఉన్నారా?

ఇలాంటి కేసుల్లో ప్రాజెక్టు పూర్తిగా రద్దవడం అరుదు. మెయిన్ రోడ్డు నుంచి సంస్థే వేరే దారి వేసుకోవడం, ఫ్లాట్లు తగ్గడం, రోడ్డు పూర్తయ్యే దాకా ఇళ్లలో చేరడానికి ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఆపడం లాంటివి సాధించుకోవచ్చు. రాజీకి వచ్చి ‘రోడ్డు మేమే వేస్తాం’ అంటూ స్టాంపు పేపరు మీద సంతకం పెడతామంటే ఒప్పుకోకండి. ఆ షరతు అనుమతి ఉత్తర్వులోనే రావాలి, లేదా కోర్టు రికార్డులోకి ఎక్కాలి. ఫ్లాట్లు అమ్ముడైపోయాక స్టాంపు పేపరు పట్టుకుని మీరు వెతకబోయే సంస్థ అక్కడ ఉండకపోవచ్చు.