ప్రపంచ మాంద్యం ముందే తెలుస్తుందా? ఓడల దగ్గర నేను నేర్చుకున్నది

రెండు క్వార్టర్లు (మూడేసి నెలలు) వరుసగా జీడీపీ, అంటే దేశంలో తయారయ్యే సరుకులు, సేవల మొత్తం విలువ, తగ్గితే రిసెషన్ (మాంద్యం) అంటారు కదా, అంతకన్నా ముందే పసిగట్టాలంటే ఏ అంకెలు చూడాలి అని మీరు అడిగారు. క్యాంపస్‌లో ఆఫర్ వచ్చిందనీ, జాయినింగ్ డేట్ వాయిదా వేస్తూ పోతున్నారనీ రాశారు. ఆ టెన్షన్ నాకు తెలుసు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

జీడీపీ కోసం చూస్తూ కూర్చుంటే ఆలస్యమైపోతుంది. అమెరికాలో 2007 డిసెంబరులో మాంద్యం మొదలైందని అక్కడ ఆ తేదీలు తేల్చే సంస్థ ఎన్‌బీఈఆర్ ప్రకటించింది 2008 డిసెంబరు 1న. అప్పటికి ఏడాది గడిచిపోయింది. రెండు క్వార్టర్ల లెక్క కూడా ప్రతిసారీ సరిపోదు. 2022 మొదటి రెండు క్వార్టర్లలో అమెరికా జీడీపీ తగ్గినట్టు అప్పట్లో లెక్కలు వచ్చాయి. ఉద్యోగాలు మాత్రం నెలనెలా పెరుగుతూనే ఉన్నాయి, మాంద్యమని ఎన్‌బీఈఆర్ ప్రకటించనూ లేదు.

2008లో నేను విశాఖపట్నంలో ఒక షిప్పింగ్ ఏజెంట్ ఆఫీసులో పనిచేసేవాణ్ని. పొద్దున రాగానే మెయిల్ తెరిచి బాల్టిక్ డ్రై ఇండెక్స్ ఎంతుందో బోర్డు మీద రాయడం నా పని. ఇనుప ఖనిజం, బొగ్గు, ధాన్యం మోసే ఓడల కిరాయిలను బట్టి లండన్‌లోని బాల్టిక్ ఎక్స్ఛేంజ్ లెక్కగట్టే అంకె అది. ఆ ఏడాది మే 20న అది 11,793. డిసెంబరు 5న 663. ఆ ఏడాది జూన్‌లో రోజుకు 2 లక్షల డాలర్లు దాటిన కేప్‌సైజ్ ఓడ (ఖనిజం, బొగ్గు మోసే అతి పెద్ద రకం) కిరాయి డిసెంబరుకల్లా 3 వేల డాలర్లలోపుకు పడిపోయింది.

నాకు ఆ అంకెల కన్నా బాగా గుర్తున్నది అక్టోబరులో వచ్చిన ఒక ఫోను. ఖనిజం చైనాకు పంపే ఎక్స్‌పోర్టర్ ఆయన. ఓడ ఒక్క పూట ఆగినా డెమరేజ్ (ఓడ ఆలస్యానికి కట్టే జరిమానా) ఎవరు కడతారని మా మీద విరుచుకుపడే మనిషి. ఆ రోజు గొంతు తగ్గించి, "ఓడ ఇంకో నాలుగు రోజులు లేటుగా వచ్చేలా చూడగలవా బాబూ" అన్నారు. అవతలి కొనుగోలుదారు ఎల్‌సీ (సరుకు డబ్బుకు బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) తెరవలేదట. సరుకేమో స్టాక్‌యార్డులో టార్పాలిన్ల కింద ఉంది. అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమాన్ బ్రదర్స్ కూలాక ఒక బ్యాంకు ఇచ్చిన ఎల్‌సీని ఇంకో బ్యాంకు నమ్మడం మానేసింది. గిరాకీ ఎలాగూ తగ్గింది, ఆ మిగిలిన గిరాకీకి కూడా బ్యాంకు హామీ దొరకలేదు. మరుసటి ఏడాది ప్రపంచ వాణిజ్యం సుమారు 12 శాతం తగ్గింది. ఆ సంగతి మాకు ఆ ఫోను రోజే తెలిసినట్టయింది.

అప్పటినుంచి చాలాకాలం ఆ ఇండెక్స్‌నే గుడ్డిగా నమ్మాను. అది తప్పని తర్వాత అర్థమైంది. 2016 ఫిబ్రవరిలో అది 290కి పడింది, 2008 కన్నా తక్కువ. ప్రపంచం కుప్పకూలలేదు. మంచి రోజుల్లో ఆర్డరిచ్చిన కొత్త ఓడలన్నీ తయారై నీళ్లలోకి దిగి, సరుకు కన్నా ఓడలు ఎక్కువైపోయాయి, అంతే. 2021 అక్టోబరులో మళ్లీ 5,650కి ఎక్కినప్పుడు కూడా అందులో పెద్ద భాగం రేవుల్లో ఓడలు ఇరుక్కుపోవడం వల్లనే. కాబట్టి ఏ అంకె పడినా ముందు అడగాల్సింది ఒకటే: కొనేవాళ్లు తగ్గారా, లేక అమ్మేవాళ్లు ఎక్కువయ్యారా? రాగి, ముడి చమురు ధరలకూ ఇదే ప్రశ్న.

ఇంకో తప్పు కూడా చెప్పాలి, ఎందుకంటే దానివల్ల నష్టపోయింది నేను కాదు. 2022 జులైలో అమెరికా పదేళ్ల బాండ్ల వడ్డీ రెండేళ్ల బాండ్ల వడ్డీ కన్నా కిందికి దిగింది. ఇలా ఎక్కువ కాలం బాండ్ల వడ్డీ తక్కువ కాలం బాండ్ల కన్నా తగ్గడాన్నే యీల్డ్ కర్వ్ తిరగబడడం అంటారు; అలా జరిగితే మాంద్యం ఖాయమని అందరూ రాశారు, నేనూ నమ్మాను. మా పిన్నికొడుకు సలహా అడిగితే సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే పెట్టుబడి) ఆపేయమన్నాను. ఆపేశాడు. వడ్డీలు అలా తలకిందులుగా 2024 దాకా ఉన్నాయి, మాంద్యం రాలేదు. వాడు నన్ను ఒక్కమాట అనలేదు, కానీ ఆ బాధ నాకు ఇంకా ఉంది. తర్వాత ఎవరికీ ఒక్క అంకె చూపించి డబ్బు విషయం చెప్పలేదు.

ఇప్పుడు నేను మూడు చూస్తాను, మూడూ ఒకే దిక్కుకు పోతేనే పట్టించుకుంటాను. మొదటిది పీఎంఐ, అంటే కంపెనీల కొనుగోలు మేనేజర్లను నెలనెలా అడిగి తీసే సూచీ. అందులో కూడా పైన కనిపించే అంకె కన్నా కొత్త ఆర్డర్ల అంకె ముఖ్యం. 50కి దిగువ ఉంటే ఆర్డర్లు తగ్గాయన్న కంపెనీలు పెరిగాయన్నవాటి కన్నా ఎక్కువని అర్థం. అలాగని ఒక్క ఫ్యాక్టరీల పీఎంఐతో భయపడొద్దు. అమెరికాలో ఐఎస్ఎం అనే సంస్థ ఇచ్చే తయారీ రంగ పీఎంఐ 2022 నవంబరు నుంచి 16 నెలలు 50 కిందే ఉంది, సర్వీసుల బలంతో ఆర్థిక వ్యవస్థ మాత్రం పెరిగింది. రెండోది దక్షిణ కొరియా ఎగుమతులు. నెలలో మొదటి 20 రోజుల లెక్క ఆ నెల ముగియకముందే ఇచ్చేస్తారు. చిప్‌ల నుంచి కార్ల దాకా అందరికీ అమ్మే దేశం కాబట్టి చాలా లెక్కల కన్నా ముందే సంగతి తెలుస్తుంది. అక్కడ పండుగ సెలవులు ఏ నెలలో పడ్డాయో చూసుకోండి, లేకపోతే పని రోజుల తేడాను పతనం అనుకుంటారు. మూడోది అమెరికాలో ప్రతి గురువారం వచ్చే నిరుద్యోగ భృతి కొత్త దరఖాస్తుల సంఖ్య. 2009 మార్చిలో అవి వారానికి 6 లక్షలు దాటాయి. ఒక వారం ఎగిరిందని కాదు, నాలుగు వారాల సగటు నెలల తరబడి ఎక్కుతోందా అన్నది చూడాలి.

మీ జాయినింగ్ సంగతికి వస్తే, దాన్ని ప్రపంచ మాంద్యంతో ముడిపెట్టకండి. 2023-24లో అమెరికా మాంద్యంలో లేకపోయినా మన పెద్ద ఐటీ కంపెనీల్లో ఉద్యోగుల సంఖ్య తగ్గింది. క్లయింట్లు ఖర్చు వాయిదా వేస్తే చాలు, మాంద్యం రానక్కర్లేదు. మీకు ఆఫర్ ఇచ్చిన కంపెనీ లిస్టెడ్ (షేర్ మార్కెట్‌లో నమోదైనది) అయితే క్వార్టర్ ఫలితాల్లో ఉద్యోగుల సంఖ్య చూడండి. వరుసగా రెండు మూడు క్వార్టర్లు తగ్గుతుంటే ఆ తేదీ కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉండొద్దు, ఇవాళే వేరేచోట కూడా అప్లై చేయండి.