మూడు నెలలు మూలన పడి ఉన్న పెట్రోలు లాన్‌మోవర్: బాగుచేసుకోవాలా, కొత్తది కొనాలా?

మీ ఇంజన్ పోలేదు. మీరు రాసిన లక్షణాల్లో ఇంజన్ పోయిందనడానికి ఆధారం ఒక్కటీ కనబడలేదు. ఆరేళ్ళ యంత్రం మూడు నెలలు కదలకుండా ఉంది. ఇప్పుడు ఇరవై సార్లు తాడు లాగితే ఒకసారి అందుకుంటోంది. అందుకున్నాక శబ్దం ఉయ్యాల ఊగినట్టు పెరుగుతూ తగ్గుతూ ఉంది, పది పదిహేను నిమిషాలకు ఆగిపోతోంది. మెకానిక్కు చూసి ఇంజన్ మార్చాలన్నాడు, లేకపోతే కొత్తది కొనుక్కోమన్నాడు. ఇదీ మీరు చెప్పింది. సరిగ్గా ఇవే లక్షణాలతో నా యంత్రాన్ని కూడా పారేయమన్నారు. ఆ తరువాత అది ఏడేళ్ళు పనిచేసింది, ఇప్పటికీ చేస్తోంది. నేను వృత్తిరీత్యా మెకానిక్కును కాను. పన్నెండేళ్ళుగా నా లాన్‌మోవర్‌ను నేనే విప్పి బిగించుకుంటున్నాను, ఇరుగుపొరుగు వాళ్ళవీ చూస్తుంటాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు జాగ్రత్త. బ్లేడును గానీ దాని చుట్టుపక్కల దేన్నైనా గానీ ముట్టుకునే ముందు, ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు మీది తొడుగును పీకి పక్కకు తప్పించండి. వేడి ఇంజన్ బ్లేడును చేత్తో తిప్పితే అందుకునే అవకాశం ఉంది. యంత్రాన్ని పక్కకు వంచాల్సి వస్తే ఎయిర్ ఫిల్టర్, కార్బ్యురేటర్ (పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజన్‌కు పంపే భాగం) ఉన్న వైపు పైకి ఉండాలి. అటుఇటుగా వంచితే ఇంజన్‌లోని ఆయిల్ ఎయిర్ ఫిల్టర్‌లోకీ సిలిండర్‌లోకీ దిగుతుంది. తరువాత స్టార్ట్ చేసినప్పుడు తెల్లటి పొగ కమ్ముకుంటుంది, చూసినవాళ్ళు ఇంజన్ కాలిపోయిందనుకుంటారు. అలా భయపడి కొత్తది కొన్నవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ట్యాంకులో మూడు నెలలు నిలవున్న పెట్రోలు పెట్రోలులా ఉండదు. నెల దాటేసరికే అందులో తేలిగ్గా ఆవిరయ్యే భాగం తగ్గిపోతుంది. చల్లటి ఇంజన్ అందుకోవడానికి కావలసింది ఆ భాగమే. మిగిలినది కార్బ్యురేటర్ అడుగున జిగురులా పేరుకుంటుంది. పెట్రోలులో ఇథనాల్ కలిసి ఉంటే అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ మరీ ఎక్కువైతే నీరు విడిపోయి అడుక్కి దిగుతుంది. కాబట్టి మొదటి పనిగా పాత పెట్రోలు మొత్తం ఒక గాజు సీసాలోకి తీసి వెలుతురులో చూడండి. అడుగున వేరే పొర కనిపించినా, వార్నిష్ లాంటి వాసన వచ్చినా సగం జబ్బు తెలిసిపోయినట్టే. దాన్ని కొత్త పెట్రోలుతో కలిపి వాడేద్దామని మాత్రం అనుకోకండి.

తాజా పెట్రోలు పోశాక కూడా స్టార్ట్ కాకపోతే లోపం నిప్పురవ్వదా, ఇంధనానిదా అన్నది తేల్చుకోవాలి. ప్లగ్గు విప్పి, దాని తొడుగు తగిలించి, ఇంజన్ లోహానికి ఆనించి తాడు లాగితే రవ్వ కనబడాలి. ప్లగ్గు తీసిన రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది, అందుకని దానికి దూరంగా పట్టండి. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. పిడి దగ్గరి భద్రతా లివరు నొక్కి పట్టకపోతే రవ్వ రాదు, ఆ లివరు వదిలితే ఇగ్నిషన్ ఆగిపోయేలా అమరిక ఉంటుంది. ఒకసారి నేను రవ్వ రావడం లేదని, ప్లగ్గుకు కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ కొత్తది తెప్పించాను. తీరా చూస్తే లివరు కేబుల్ సాగిపోయి స్విచ్చు పూర్తిగా తెరుచుకోవడం లేదు. కేబుల్ కాస్త బిగిస్తే సరిపోయింది. ఒక మనిషిని లివరు పట్టుకోమని మీరు తాడు లాగండి.

ప్లగ్గు చేతిలో ఉండగానే దాని రంగు చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే మంట బాగా జరుగుతోంది. పొడి మసి పట్టి ఉంటే గాలి చాలడం లేదు, ఎయిర్ ఫిల్టర్ చూడాలి. పెట్రోలుతో తడిసి ఉంటే చోక్ (చల్లటి ఇంజన్ అందుకోవడానికి గాలిని తగ్గించే మూత) ఎక్కువసేపు వాడారన్నమాట. ఎన్నిసార్లు లాగినా పొడిగానే ఉంటే పెట్రోలు లోపలికి చేరడమే లేదు. ప్లగ్గు కొనల మధ్య సందు చాలా ఇంజన్లకు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు.

రవ్వ బాగానే ఉందనుకుందాం. ప్లగ్గు బిగించి, ఫిల్టర్ తీసి, కార్బ్యురేటర్ నోట్లో అర చెంచా పెట్రోలు పోసి, మూత మళ్ళీ పెట్టి, ముఖం దూరంగా ఉంచి తాడు లాగండి. రెండు మూడు సెకన్లు గట్టిగా తిరిగి ఆగిపోతే మీ అదృష్టం. ఇంజన్‌లో ప్రాణం ఉంది, పెట్రోలు దారి మాత్రమే మూసుకుపోయింది.

మీ యంత్రం విషయంలో ఇదే జరిగిందని నా నమ్మకం. ఆ ఊగుడు శబ్దమే సాక్ష్యం. కార్బ్యురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే సన్నటి రంధ్రమున్న ముక్కను జెట్ అంటారు. అది సగం పూడుకుపోతే ఇంజన్‌కు పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అందుతుంది. వేగం పడిపోతుంది. వెంటనే వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నర్, ఇంజన్‌లోకి వెళ్ళే గాలినీ పెట్రోలునూ అదుపుచేసే థ్రాటిల్ అనే తలుపును తెరుస్తుంది, వేగం పెరుగుతుంది, మళ్ళీ మూస్తుంది, మళ్ళీ పడిపోతుంది. ఇంజన్ అలా ఊగుతున్నప్పుడు చోక్‌ను కొద్దిగా మూసి చూడండి. శబ్దం నిలకడగా మారితే అనుమానం తీరిపోయినట్టే.

కార్బ్యురేటర్ విప్పే ముందు నాలుగు వైపుల నుంచీ ఫోనుతో ఫోటోలు తీయండి. గవర్నర్ స్ప్రింగు ఏ రంధ్రంలో ఉంది, భాగాల మధ్య ఉండే పలుచటి గాస్కెట్ ఏది ఏ వరుసలో ఏ వైపు తిరిగి ఉంది అన్నవి ముఖ్యం. గాస్కెట్ తిరగేసి పెడితే లోపలి సన్నటి దారులు మూసుకుపోయి, మొదటికన్నా అధ్వాన్నంగా తయారవుతుంది. అడుగున ఉన్న చిన్న గిన్నెను ఒకే బోల్టు పట్టి ఉంచుతుంది. కొన్ని రకాల్లో ఆ బోల్టే జెట్, దానికి పక్కగా ఉన్న చిన్న రంధ్రాన్ని ఎవరూ పట్టించుకోరు. మిగతా రకాల్లో జెట్ పైన నిలువు గొట్టంలో ఉంటుంది, స్క్రూడ్రైవర్ సరిగ్గా పట్టేదే వాడాలి, ఇత్తడి తొందరగా అరిగిపోతుంది.

జెట్‌ను దీపానికి ఎదురుగా పట్టి చూస్తే అవతల వెలుతురు గుండ్రంగా కనబడాలి. శుభ్రం చేయడానికి సూదులూ గుండుపిన్నులూ వద్దు, రంధ్రం పెద్దదైతే కొలత చెడుతుంది. కరెంటు తీగలోని సన్నటి రాగి పోగు ఒక్కటి తీసుకోండి, రాగి మెత్తన కాబట్టి ఇత్తడిని గీయదు. తరువాత కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టి, గాలి ఊదండి. కళ్ళకు అద్దాలు తప్పనిసరి, ఆ ద్రవం ఎటునుంచి చిమ్ముతుందో ఊహించలేం.

మొదటిసారి నేను పెద్ద జెట్ ఒక్కటే కడిగి, సంతోషంగా బిగించాను. ఇంజన్ వెంటనే అందుకుంది గానీ ఊగుడు తగ్గలేదు. మళ్ళీ విప్పాను, మళ్ళీ అంతే. మూడోసారి తెలిసింది, దానికి పైలట్ జెట్ అని మరొకటి ఉందని. నా దాంట్లో అది థ్రాటిల్‌ను ఆపే చిన్న ప్లాస్టిక్ మరమేకు కింద, నల్లటి ప్లాస్టిక్ ముక్కలా దాగి ఉంది. దాని రంధ్రం అర మిల్లీమీటరు కన్నా సన్నం. గడ్డి కోయకుండా ఊరికే తిరిగేటప్పుడు ఇంజన్ ఎక్కువగా ఆధారపడేది దాని మీదే. దాన్ని శుభ్రం చేశాక వచ్చిన నిలకడైన శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మీరు విప్పిన రోజునే రెండు జెట్లూ కడగండి. గిన్నెలో పెట్రోలు మట్టాన్నిబట్టి తేలే ఫ్లోట్, దాని కొనకు వేలాడే సూది కూడా చూడండి. సూది ఇరుక్కుంటే పెట్రోలు రాదు, అరిగితే ఆగదు.

పది నిమిషాలకు ఆగిపోవడం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దానికి వేరే కారణం ఉండవచ్చు. ట్యాంకు మూతలో గాలి లోపలికి వెళ్ళే సన్నటి దారి ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుపోతే, పెట్రోలు తగ్గుతున్నకొద్దీ ట్యాంకులో పీడనం పడిపోయి, చివరకు పెట్రోలు కిందికి దిగడం ఆగిపోతుంది. కాసేపు ఆగితే గాలి ఎలాగో లోపలికి చేరుతుంది, మళ్ళీ స్టార్ట్ అవుతుంది, మళ్ళీ ఆగుతుంది. ఈసారి ఆగిన మరుక్షణం మూత వదులు చేయండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, ఒకటి రెండు నిమిషాల్లో ఇంజన్ అందుకుంటే లోపం ఆ మూతదే. మూత వదులు చేసినా అందుకోకపోతే అప్పటికప్పుడే రవ్వ చూడండి. వేడిలో రవ్వ లేకుండా, అరగంట చల్లారాక వస్తుంటే అది కాయిల్ పని. కాయిల్ మార్చేటప్పుడు, ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్‌కూ దానికీ మధ్య సందు చాలా ఇంజన్లకు 0.25 మిల్లీమీటర్లు. ఒక విజిటింగ్ కార్డు మధ్యలో పెట్టి బిగిస్తే ఇంచుమించు సరిపోతుంది.

మీరు రాయలేదు గానీ అడుగుతున్నాను: మూలన పెట్టే ముందు బ్లేడు దేనికైనా తగిలిందా? మా పక్కింటాయన యంత్రం గడ్డిలో దాగిన చెట్టు వేరుకు తగిలి ఠక్కున ఆగిపోయింది. ఆ తరువాత తాడు లాగితే ఎదురు తన్ని వేళ్ళు పట్టేసేది. ప్లగ్గు, కార్బ్యురేటర్ అన్నీ మార్చారు, ఫలితం లేదు. ఫ్లైవీల్‌ను, బ్లేడును తిప్పే షాఫ్టు మీద సరైన స్థానంలో నిలిపే కీ అనే చిన్న మెత్తటి లోహపు ముక్క ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు అది సగం తెగి, ఫ్లైవీల్ కొంచెం జరిగింది. రవ్వ రావలసిన సమయం తప్పింది. మేము ఫ్లైవీల్ నట్టు విప్పి చూసేసరికి కీ మెట్టులా వంగి ఉంది. వేలి గోరంత ముక్క మార్చగానే మొదటి లాగుకే అందుకుంది. అయితే అలాంటి దెబ్బ తరువాత షాఫ్టు వంగిందేమో కూడా చూడాలి. ప్లగ్గు పూర్తిగా విప్పేసి, చేతికి మందపాటి తొడుగు వేసుకుని బ్లేడును మెల్లగా తిప్పుతూ మధ్యలోని బోల్టును గమనించండి. బోల్టు తల ఉన్నచోటే తిరగాలి. గుండ్రంగా ఊగుతుంటే షాఫ్టు వంగినట్టే.

కొత్తది కొనడానికి నేను ఒప్పుకునే కారణాల్లో అది మొదటిది. వంగిన షాఫ్టుతో నడపడం ప్రమాదం, దాన్ని తిన్నగా చేసే ప్రయత్నం కూడా వద్దు. రెండోది, బ్లేడు చుట్టూ ఉండే డెక్ తుప్పుపట్టి చిల్లులు పడటం. రాళ్ళు ఎగిరి కాళ్ళకు తగలకుండా కాపాడేది అదే. మూడోది, ఆయిల్ మట్టం సరిగా ఉన్నా ఇంజన్ వేడెక్కాక కూడా నీలం పొగ ఆగకపోవడం, దాంతోపాటు బలం తగ్గిపోవడం. ఈ మూడూ లేకపోతే బాగుచేసుకోండి.

ఒకవేళ కొనాల్సే వస్తే, అశ్వశక్తి అంకెలు చూసి మోసపోకండి. ఇంటి తోటకు 140 నుంచి 190 సీసీ మధ్య నాలుగు స్ట్రోకుల ఇంజన్ ఏదైనా చాలు. ముందు మీ తోటలో అత్యంత ఇరుకైన దారి కొలవండి, కోత వెడల్పు దాన్నిబట్టి నిర్ణయించండి. చెట్లూ మళ్ళూ ఎక్కువ ఉన్నచోట 40 లేదా 42 సెంటీమీటర్లు సుఖం, ఖాళీ గడ్డి విశాలంగా ఉంటే 46 లేదా 53. నేల ఏటవాలుగా ఉంటే తనంతట తాను నడిచే రకం తీసుకోండి, ముప్పై కిలోల బరువును గంటసేపు వాలు మీద నెట్టడం నడుముకు శిక్ష. వాలులో అడ్డంగా నడపాలి గానీ పైకీ కిందికీ నడపకూడదు, కాలు జారితే యంత్రం మీదికే వస్తుంది. ఉక్కు డెక్ గట్టిది గానీ తడి గడ్డి అతుక్కుని తుప్పు పడుతుంది, ప్రతిసారీ గీకి తుడిచే ఓపిక ఉంటేనే కొనండి. అల్యూమినియం బరువు తక్కువ, తుప్పు పట్టదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ ఇంజన్‌కు గాస్కెట్లు, జెట్లు, ఎయిర్ ఫిల్టర్ విడిగా దొరుకుతాయో లేదో కొనే ముందే అడగండి. విడిభాగాలు దొరకని కొత్త యంత్రం కన్నా దొరికే పాతది మేలు. తోట మరీ చిన్నదైతే బ్యాటరీ యంత్రం ఆలోచించండి, దానికి ఈ పెట్రోలు బాధలేవీ ఉండవు.

వాడకంలో మిగతావి తేలిక. కొత్త ఇంజన్‌కు మొదటి 5 గంటల తరువాత ఆయిల్ మార్చాలి, ఆ తరువాత యంత్రంతో వచ్చిన పుస్తకంలో చెప్పిన గడువుకు. స్పాంజి ఫిల్టర్‌ను సబ్బునీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టవచ్చు, కాగితపు ఫిల్టర్‌ను మాత్రం తడపకూడదు. బ్లేడును ఆకురాయితో రెండు కొనలూ సమానంగా పదును పెట్టి, మధ్య రంధ్రాన్ని గోడ మేకుకు తగిలించి చూడండి, ఒకవైపు దిగితే ఆ వైపు ఇంకాస్త రాయాలి. నెలకు మించి వాడరని తెలిస్తే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతటది ఆగేదాకా నడిపి, అప్పుడు మూలన పెట్టండి. ఇంధనంలో పది శాతం మించి ఇథనాల్ ఉంటే చాలామంది తయారీదారులు ఒప్పుకోరు, మీ పుస్తకంలో ఏముందో చూసుకోండి.

ఈ వారాంతంలో గిన్నె విప్పండి. అందులో జిగురు కనబడిందా, నీరు కనబడిందా, ట్యాంకు మూత వదులు చేస్తే ఏమైంది అన్నవి రాస్తే తరువాత ఏం చేయాలో చెబుతాను. గిన్నె, జెట్ల ఫోటోలు కూడా పెడితే మరీ మంచిది.